ఖాళీగా ఉన్నానని రాసిచ్చిన పదహారేళ్ళు

నర్సింగ్ ట్రైనింగ్‌లో చేరడానికి ఏమేం కావాలో ఆ లిస్టును జిరాక్స్ తీయించి మా వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాను. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, నాలుగో తరగతి నుంచి టెన్త్ దాకా చదివిన బడుల నుంచి బోనఫైడ్లు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, సర్కారు డాక్టరు సంతకంతో ఫిట్‌నెస్, చివర గ్యాప్ సర్టిఫికెట్. ఒక్కొక్కటి చేతికొచ్చినప్పుడల్లా ఎర్ర పెన్నుతో కొట్టేసేదాన్ని. మా వదిన చూసి, "పెండ్లి సామాన్ల లిస్టు లెక్క వెట్టుకున్నవ్ గదనే" అని నవ్వేది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నాకు అది పెళ్ళికంటే ఎక్కువే.

లిస్టు అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఆ ఏడాది డిసెంబరు ఆఖరుకు ముప్పై అయిదేళ్ళు దాటకూడదు. నాకు ముప్పై అయిదు నడుస్తోంది. చేరితే ఈ ఏడే చేరాలి, లేకపోతే ఇక లేదు. ఇంటర్ మార్కులు చూసి సీటిస్తారు, మార్కులకు నాకు లోటు లేదు. మొదటి జాబితాలోనే నా నంబరు వచ్చింది. కాగితాలు చూపించి చేరడమే మిగిలింది.

ఇంటర్ బైపీసీ పాసైన ఎండాకాలంలోనే ఒకసారి ఇదే ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టాను. నాన్న అప్పటికే లేడు. అమ్మ బహదూర్‌పురాలో ఒక సర్కారు బడిలో ఆయా. నా దరఖాస్తు పోస్టులో వేసిన వారానికి బడిలో నల్లా దగ్గర బిందె పట్టుకునే కింద పడింది. కుడి పక్క మొత్తం పోయింది, మాట పోయింది, మింగడం కూడా పోయింది. దవాఖానాలో నలభై మంది రోగులకు ఒక్క నర్సు. ఆమె నన్ను పిలిచి, ముక్కులోంచి వేసిన గొట్టంతో జావ ఎలా పోయాలో, పోసే ముందు గొట్టం జారిందో లేదో ఎలా చూసుకోవాలో ఒక్క పూటలో నేర్పింది. "మీ అమ్మనే గదా, నువ్వే నేర్చుకోవాలె. నాకెక్కడ తీరుతది?" అంది. నేర్చుకున్నాను. పురానాపూల్ దగ్గర మా రెండు గదుల ఇంట్లో ముందు గదిలో మంచం వేసి అమ్మను పడుకోబెట్టాం.

ఆ మంచం దగ్గర పదహారేళ్ళు ఉన్నాను. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, వీపు తుడిచి పౌడరు వేయడం, గొట్టాలు మార్చడం, షుగరు చూసి సూది వేయడం. పదహారేళ్ళలో అమ్మ వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు. గొప్పకే చెప్పుకుంటున్నాను, ఎవరేమనుకున్నా సరే. చూడటానికొచ్చిన డాక్టరే ఒకసారి దుప్పటి ఎత్తి చూసి, ఏ ఆసుపత్రిలో ఉంచారని అడిగాడు. గల్లీలో ఎవరికి బీపీ చూడాలన్నా, ఎవరికి ఇన్సులిన్ ఇవ్వాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. సంబంధాలు కూడా రెండు మూడు వచ్చాయి. వచ్చినవాళ్ళు ముందు గదిలో మంచం చూశారు, చాయ్ తాగారు, వెళ్ళిపోయారు.

ఇంత చేసినా మా వాళ్ళ నోట నా గురించి ఒక్కటే మాట. ఖాళీ. గ్యాస్ బండ వస్తే తీసుకోవడానికి, పక్కింటి పిల్లను బడి నుంచి తేవడానికి, పెద్దమ్మ కొడుకు పెళ్ళిలో కూరగాయలు తరగడానికి, "దాన్ని పిలువుండ్రి, ఇంట్ల ఖాళీగనే ఉంటది గదా" అనేవాళ్ళు. అన్న కూడా అన్నాడు. బస్సు డిపోలో మెకానిక్ వాడు. ఇంటికి సర్వేకు వస్తామని ఎవరో ఫోన్ చేస్తే నా ముందరే, "మా చెల్లె ఇంట్ల ఖాళీగనే ఉంటది సార్, ఎప్పుడన్న రాండ్రి" అన్నాడు. అప్పుడు నా చేతిలో అమ్మ మలమూత్రాల బేసిన్ ఉంది. దాన్ని వాడి నెత్తిన కుమ్మరించాలన్నంత కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని, మాట ఉన్న రోజుల్లో అమ్మ నాకు చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

పోయిన వానాకాలంలో అమ్మ చనిపోయింది. దినాలు అయిపోయాక ఇంట్లో నాకు తోచేది కాదు. రెండు గంటలు కాగానే చేతులు వాటంతటవే మంచం వైపు పోయేవి. అన్న అది చూశాడు కాబోలు, ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ ఈ నోటిఫికేషన్ ప్రింటు తీయించుకొచ్చాడు. నా ఒళ్ళో పెట్టి, "అప్పుడు ఆగిపోయిన సదువు ఇప్పుడన్న సదువు. ఇంటి ఫికర్ వెట్టుకోకు" అన్నాడు. వాడి మీద నాకున్న కోపం ఆ రోజుతో సగం పోయింది. పదహారేళ్ళ తర్వాత నా గురించి నేను ఆలోచించుకోవడం మొదలుపెట్టాను.

లిస్టులో ఆఖరిది గ్యాప్ సర్టిఫికెట్. ఇంటర్‌కూ ఇప్పటికీ మధ్య ఖాళీ ఏళ్ళున్నాయి కాబట్టి, ఆ ఏళ్ళలో ఏం చేశానో బాండు పేపరు మీద రాసి, నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పత్తర్‌గట్టి దాటాక, కోర్టుల వైపు పోయే సందులో, ఒక చాచా చిన్న డబ్బా కొట్టులో కంప్యూటరు, ప్రింటరు పెట్టుకుని ఇలాంటివి టైపు చేస్తాడు. అన్న సెలవు పెట్టి నాతో వచ్చాడు. చాచా నా పేరు, ఏళ్ళు అడిగి, ఎప్పుడో తయారుగా ఉన్న ఇంగ్లీషు నమూనాలో నింపి, చదివి చెప్పాడు.

"ఈ పదహారేండ్లు ఏ కాలేజిల సదువలే, ఏ నౌకరీ చెయ్యలే, ఇంట్ల ఖాళీగ కూసున్న అని. బస్, దస్తఖత్ పెట్టు బేటీ."

నాకు ఒళ్ళు మండింది. "ఖాళీగ ఎవరు కూసున్నరు చాచా? గా మాట తీసెయ్యి. నేను చేసింది రాయి" అన్నాను.

"అరే, ఫార్మాట్ గదే ఉంటది బేటీ. అందరు గదే రాపిస్తరు."

"వాళ్ళు కూసున్నరేమో. నేను కూసోలే."

అన్న నా మోచెయ్యి పట్టుకుని, "వాళ్ళడిగిన తీరుగ రాపియ్యి. కాగితానికి లొల్లి ఏందే?" అన్నాడు. నేను వాడి వైపు తిరిగాను. "నువ్వు చెప్పన్నా. నేను ఖాళీగున్ననా?" అని అడిగాను. గట్టిగానే అడిగినట్టున్నాను, పక్క డబ్బాలో జిరాక్స్ తీసే మనిషి మెషిన్ ఆపి చూశాడు. అన్న తల దించుకుని చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడి కళ్ళు తడిశాయని నాకు తెలిసింది. అయినా నేను తగ్గలేదు. తగ్గాల్సింది.

చాచా వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "నక్కో బేటీ. దిల్ల ఉన్న మాట కోర్టు కాగజ్ మీద రాపియ్యరు" అన్నాడు. నేను వినలేదు. నేను చెబుతూంటే ఆయన ఇంగ్లీషులో కొట్టుకుంటూ పోయాడు. పక్షవాతం వచ్చిన తల్లికి పదహారేళ్ళు సేవ చేశానని, గొట్టంతో ఆహారం పెట్టానని, సూదులు వేశానని, దవాఖానా నర్సు దగ్గర నేర్చుకున్నానని, అన్నీ. నోటరీ చదవకుండానే ముద్ర కొట్టి సంతకం పెట్టాడు. ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చేటప్పుడు నాకు ఎంత గర్వంగా ఉందో. నా పదహారేళ్ళకు ఒక ముద్ర పడింది. ఇంటికొచ్చి లిస్టులో ఆఖరి గీత కూడా కొట్టేశాను.

కాగితాలు చూసే రోజు శుక్రవారం. మూసీ అవతల కాలేజీలో పెద్ద హాలు. నా ముందు కూర్చున్న మేడం కూడా నర్సింగ్ చెప్పే మనిషే. ఒక్కొక్క కాగితం చూసి టిక్కు పెడుతూ గ్యాప్ సర్టిఫికెట్ దగ్గర ఆగింది. రెండుసార్లు చదివింది. మొహం చూస్తే కోపం లేదు.

"ఏమ్మా, ఇది ఎవరు రాయమన్నారు?"

"నిజం రాపించిన మేడం."

"నిజమే అయ్యుంటుంది. కానీ చూడు, పని చేశానని రాస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఏదని అడుగుతారు. రిజిస్ట్రేషన్ లేకుండా సూదులు వేశానని నువ్వే ప్రమాణం చేసి ఇచ్చావు. ఇది ఫైల్లో పెడితే రేపు ఆడిట్లో నన్ను పట్టుకుంటారు. ఫార్మాట్‌లో తెచ్చెయ్యి. ఇవాళే ఆఖరు, నాలుగింటికి సీట్లు ఫ్రీజ్ చేస్తారు, మిగిలినవి వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు పోతాయి."

ఎర్ర పెన్నుతో ఆ కాగితం మీద అడ్డంగా ఒక గీత కొట్టి నా చేతికిచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదనుకున్నాను మొదట. కానీ ఆమెను తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. తప్పు ఆమెది కాదని అక్కడే తెలిసిపోయింది.

ఆటో పట్టుకుని వచ్చేసరికి చాచా డబ్బాకు షట్టర్ వేసుంది. జుమ్మా నమాజు. ఆ సందులో సగం దుకాణాలు మూసే ఉన్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఈ బస్తీలోనే బతికిన దాన్ని, శుక్రవారం మధ్యాహ్నం షట్టర్లు పడతాయని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ పూట నా బుర్రలో ఏదీ లేదు. మెట్టు మీద కూర్చున్నాను. పదహారేళ్ళలో మొదటిసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను.

చాచా వచ్చి నన్ను చూడగానే విషయం గ్రహించాడు. నేను ముందే చెప్పిన గదా అని అనలేదు. కంప్యూటరు పెట్టి మూడు నిమిషాల్లో ప్రింటు తీశాడు. ఆ రోజు మొదట ఫార్మాట్‌లో టైపు చేసినదాన్ని చెరపకుండా అలాగే ఉంచాడట, మళ్ళీ వస్తానని. ఆయనకు ఎంతమంది నాలాంటివాళ్ళు తగిలి ఉంటారో. నోటరీ భోజనం చేసి వచ్చేదాకా ఇంకో అరగంట. ఇంట్లో ఖాళీగా కూర్చున్నానని, ఇది నిజమని, అబద్ధమైతే శిక్షకు పాత్రురాలినని, చదివి మరీ సంతకం పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా, పట్టుకోక తప్పదు కదా.

పురానాపూల్ వంతెన మీద బండ్లు కదల్లేదు. ఆటో దిగి నడిచాను, మళ్ళీ ఇంకో ఆటో ఎక్కాను. హాలుకు చేరేసరికి నాలుగూ ఇరవై. మేడం కుర్చీ దగ్గర ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న నిలబడి ఉన్నారు. ఆయన అందరికీ దండాలు పెడుతున్నాడు. అమ్మాయికి పద్దెనిమిది ఉంటాయేమో. వెయిటింగ్‌లో మొదటి నంబరు ఆ పిల్లదట, నా సీటు ఆ పిల్లకే పోయింది.

మేడం నా కాగితం తీసుకుంది. చదివింది. "ఇది కరెక్టుగా ఉందమ్మా. కానీ ఫ్రీజ్ అయిపోయింది. నా చేతిలో ఏమీ లేదు. వచ్చే సంవత్సరం..." అంటూ నా పుట్టిన తేదీ మీదికి చూపు పోగానే ఆగిపోయింది. ఆ తర్వాత నా సర్టిఫికెట్లన్నీ ఒక్కొక్కటిగా సర్ది, పిన్ను పెట్టి, రెండు చేతులతో ఇచ్చింది. ఆ పిల్ల తండ్రి నా వైపు చూసి కూడా దండం పెట్టాడు, నేనెవరో ఆయనకు తెలియదు.

నిజం చెప్పానని ఎవరైనా ఓదారిస్తే నాకు అసహ్యం. నిజానికి ఏ విలువా లేదని నేను అనను. కానీ నాకు కావలసింది సీటు. ఒక్క మాట మింగి ఉంటే ఇవాళ తెల్ల బట్టలేసుకుని బస్సెక్కేదాన్ని. పదహారేళ్ళు అన్నీ మింగినదాన్ని, ఆ ఒక్కటి మింగలేకపోయాను. ఆ రోజు సాయంత్రం అన్న ఇంటికొచ్చి నా మొహం చూశాడు. ఫ్రిజ్ మీది లిస్టును నెమ్మదిగా గోటితో లేపి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

రెండు కాగితాలూ ఇప్పుడు అమ్మ ఎక్స్‌రేలున్న కవర్లోనే పెట్టాను. నిజం రాసినదాని మీద ఎర్ర గీత ఉంది. ఖాళీగా ఉన్నానని రాసింది శుభ్రంగా, ముద్రతో ఉంది.

మొన్న పొద్దున అన్న డ్యూటీకి పోయాడు, వాళ్ళ పిల్లలు బడికి పోయారు. ముందు గదిలో మంచం తీసేశాక గోడ వెంట నేల మీద దాని నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి, వాటి పక్కన కూర్చున్నాను. వదిన గడపలో చెప్పులేసుకుంటూ గ్యాస్ వాడితో ఫోన్లో మాట్లాడుతోంది. "తెచ్చెయ్యి భాయ్, మా ఆడబిడ్డ ఇంట్ల ఖాళీగనే ఉన్నది" అంది. అని, నాలుక కరుచుకుని నా వైపు చూసింది, నేను ఎగిరిపడతానని.

నాకు కోపం రాలేదు. బండ ఎన్నింటికి వస్తుందో అడిగాను.