నాన్న కట్టిన ఆవిరి పాక

ఢిల్లీ చుట్టుపక్కల ఇంటికొకరు చికున్‌గున్యాతో మూలిగిన ఏడాది అది. ఫరీదాబాద్‌లోని మా ఇంట్లో ఆ జ్వరం అమ్మను పట్టుకుంది. జ్వరం తగ్గింది గానీ కీళ్ళ నొప్పులు మాత్రం చలికాలం వచ్చినా వదల్లేదు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. వేళ్ళు వంగక సిరంజి పట్టుకోలేకపోయేది. కొత్త సంవత్సరం నాటికి చేతులు స్వాధీనంలోకి రాకపోతే వార్డు నుంచి తీసి మందుల స్టోర్‌లో వేయక తప్పదని మేట్రన్ చెప్పేసింది. రోగుల మధ్య తిరిగే మనిషిని అట్టపెట్టెల మధ్య కూర్చోమంటే అమ్మకు సగం ప్రాణం పోయినట్టే. పొద్దున్నే నేను తన జాకెట్టు హుక్కులు పెడుతుంటే అమ్మ గోడ వైపు మొహం తిప్పుకునేది. నాకు భయంగా ఉండేది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఆ నెలల్లో ఇంట్లో అందరి మీదా ఎగిరాను.

ఇంటివైద్యం పేరెత్తితే కసిరే అమ్మ, ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ తానే అంది.

"మా అమ్మమ్మ వాతం నొప్పులోళ్ళని ఈతచాపల గుడిసెలో కూర్చోబెట్టి ఆవిరి పట్టించేదండీ. మనమూ చేస్తే పోలా? డాక్టరుగారు కూడా కాపడం మంచిదేనన్నారుగా."

"ఓస్, అదెంత పని! అన్నం తిని కట్టేస్తా," అన్నాడు నాన్న.

నాన్న ఫ్యాక్టరీలో గుమాస్తా. కానీ ప్రతి క్రిస్మస్‌కూ చర్చిలో బాలయేసు బొమ్మను ఉంచే పశువుల పాక కట్టేది ఆయనే. ఆ పనిలో ఎవరైనా తన తర్వాతేనని ఆయన నమ్మకం. పెరట్లో వెదురు బద్దలు వంచి నేలలో గుచ్చాడు. పురికొసతో బిగించాడు. పైన దుప్పట్లు, వాటి మీద ఇంట్లో ఉన్న దూది రజాయిలన్నీ కప్పాడు. నేను రోడ్డు పక్క జామాయిల్ చెట్ల ఆకు కోసుకొచ్చి నీళ్ళలో మరిగించాను. బయట కట్టెల మంటలో ఇటుకలు కాలుతున్నాయి.

"నిప్పు మాత్రం లోపలికి తేమాకండి, పొగకి ఊపిరాడదు," అని అమ్మ కుర్చీలోంచే ఆర్డర్లు వేసింది.

కాలిన ఇటుకల్ని ఇనప బాణలిలో పెట్టి లోపల దించాడు నాన్న. అమ్మ పాత నైటీలో వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆకునీళ్ళు పోయగానే సుయ్యిమంది. ఆవిరి గుప్పున లేచి, అంతే జోరుగా బయటికొచ్చి మా మొహాలకు కొట్టింది. మళ్ళీ పోశాడు. మళ్ళీ అంతే. అమ్మకు తప్ప పెరట్లో అందరికీ ఆవిరి పట్టింది.

పక్కింటి పంజాబీ ఆంటీ గోడ మీంచి తొంగిచూసింది. "భాయ్‌సాబ్, సిస్టర్‌జీ కో దర్శన్ కే లియే బిఠాయా హై క్యా?" నర్సమ్మను జనం దర్శనానికి కూర్చోబెట్టారా అని అడుగుతోంది.

అప్పుడు చూశాం. పాకకు మూడు వైపులే ఉన్నాయి. వచ్చేపోయేవాళ్ళు బాలయేసును చూడాలని ఏటేటా వదిలినట్టే, నాన్న ముందు వైపు బార్లా వదిలేశాడు. మధ్యలో అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది.

"గొర్రెలేవండీ?" అంది అమ్మ.

నవ్వలేక చచ్చాం. జ్వరం వచ్చాక అమ్మ నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది.

నాన్న మొహం మాడ్చుకున్నాడు. "నవ్వింది చాల్లే. ఇంకో రజాయి పట్రాపో."

ఇంట్లో ఇంకొకటి ఉంటే కదా! ఆంటీయే తన రజాయి తెచ్చి గోడ మీంచి అందించింది. దాన్ని ముందు వైపు వేలాడదీసి, అంచులు తొక్కిపెట్టి, కొత్తగా కాల్చిన ఇటుకలు లోపలికి పంపాం. ఈసారి ఆవిరి బయటికి రాలేదు. నాన్న మంటకూ పాకకూ మధ్య పరుగులు పెడుతూనే ఉన్నాడు.

"ఎట్టా ఉందే?"

"మాట్లాడించమాకండి. హాయిగా ఉంది."

కాసేపటికి అమ్మ తడిసి ముద్దయి బయటికొచ్చింది. నేను తువ్వాలు కప్పాను. మంట దగ్గర నాన్న మొహం జేవురించి, రొప్పుతూ నిలబడి ఉన్నాడు. అమ్మ తువ్వాలు సంగతి మరిచి నేరుగా వెళ్ళి ఆయన చెయ్యి అందుకుంది. అమ్మ వేళ్ళు మెల్లగా వంగాయి. పూర్తిగా కాదు గానీ మణికట్టు చుట్టూ తిరిగి నాడి మీద ఆనాయి.

నాన్న ఆ వేళ్ళను చూసి ఏదో అనబోయాడు.

"కదలమాకండి," అంది అమ్మ, వార్డులో అనే గొంతుతో. "లెక్క తప్పుద్ది."