గోడ మీద కిటికీ

ఆవిడంటే నాకు మొదట్నుంచీ పడదు. మస్కట్‌లోని అజైబాలో విల్లా, గుమ్మానికి అటూ ఇటూ పాలరాతి సింహాలు, నోరు తెరిస్తే గొప్పలు. అమెరికాలో బ్యాంకులు కూలుతున్నాయని అల్ ఖువైర్ ఆఫీసుల్లో మావాళ్లంతా బిక్కుబిక్కుమంటుంటే, ఈ మహాతల్లి భోజనాల గదికి కొత్త హంగులు చేయించుకుంటోంది.

అప్పట్లో నేను ప్రాచీన రోమన్ ఇళ్లలోని గోడ చిత్రాల మీద పరిశోధన చేస్తున్నాను. తెలుగు ఆడవాళ్ల కిట్టీ పార్టీలో బలవంతపెడితే, నాలుగు బొమ్మలు చూపించి, కిటికీల్లేని గదుల్లో కూడా వాళ్లు గోడల నిండా తోటలూ పిట్టలూ వేయించుకునేవారని చెప్పాను. అందరి ధ్యాసా సమోసాల మీదుంటే ఈవిడొక్కతే విన్నది. విన్నదీ సగమే.

వేసవి మొదట్లో ఫోన్ చేసి, రోమన్ పద్ధతిలో గోడ వేయిస్తున్నాను, వచ్చి చూసి చెప్పమంది. వెళ్లాను. గోడంతా దానిమ్మ చెట్లు. జగిత్యాల నుంచి వచ్చిన పెయింటర్ నిచ్చెనెక్కి ఆకులు దిద్దుతున్నాడు. నడిమధ్యలో చిన్న కిటికీ. దాని అవతల పనామె గది. ఆమెది గోదావరి జిల్లా. ఆ గదికి ఏసీ లేదు, ఇంకో కిటికీ లేదు. భోజనాల గదిలోని చల్లగాలి ఇందులోంచి కాస్త పోతేనే మస్కట్ ఎండల్లో ఆమెకి నిద్ర. కిటికీ ఉంటే తోట తెగిపోతోందట, చెక్క పలక కొట్టి మూయించేస్తుందట.

మరి ఆమె సంగతేమిటని అడిగాను.

"దాని గదిలోనూ గోడకి కిటికీ బొమ్మ వేయించానండీ, చెట్లతో సహా. మీరేగా చెప్పారు, అలా వేసుకునేవారని."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తోటలు యజమానులు చల్లగా కూర్చుని తినే గదుల్లో వేయించుకున్నవి, ఒకరికి ఊపిరాడకుండా చేసి వేయించుకున్నవి కావన్నాను. కొనుక్కొచ్చిన బానిసలు పడుకునే కొట్లలో ఆ రోమన్ షావుకార్లు ఒక్క ఆకు కూడా గీయించలేదు, మీరూ వాళ్లూ ఒకటే జాతి అని ముఖం మీదే అరిచాను.

ఆవిడ హాయిగా నవ్వింది. "అయితే మేమే నయం కదండీ. కావాలంటే దాన్నే అడగండి."

పనామె టీ ట్రేతో అక్కడే నిలబడి అంతా వింటోంది. నిజం చెప్పమ్మా, నేనున్నానుగా అన్నాను. నేనుండి చేసేదేముంది? ఆమె వీసా వీళ్లది, పాస్‌పోర్టు వీళ్ల బీరువాలో ఉంది. ఆమె నాకేసి చూడనైనా లేదు.

"బాగుందండి అమ్మగారూ," అంది ఆవిడతో. "నిజంగా గాలి వస్తున్నట్టే ఉందండి."

ఆవిడ పెయింటర్‌ని పలక కొట్టేయమంది.