గేటు దగ్గర నేను పిలిచిన పేరు

సోమాలియా రాజధాని మొగదిషులో విమానం దిగగానే కళ్ళలో ఇసుక పడింది. రన్‌వే పక్కనే సముద్రం. గాలి ఉప్పగా ఉంది. అక్కడే నాకొక హెల్మెట్, తూటాలు ఆపే పలకల చొక్కా ఇచ్చారు. చొక్కా లోపల ఇంకా తడిగా ఉంది. నాకంటే ముందు వేసుకున్నవాడి చెమట అది. ముక్కు మూసుకుని తొడుక్కున్నాను. సైన్యంలో ఇన్నేళ్ళు చేసి, పెన్షన్ తీసుకుని, మళ్ళీ ఇదేం ఖర్మరా అనుకున్నాను.

ఇక్కడ కలకత్తా గార్డెన్ రీచ్‌లో టీకొట్టు దగ్గర కూర్చుంటే అందరూ అడిగేది ఒకటే. "సముద్రపు దొంగల్ని చూశావా?" చూడలేదు బాబూ. నేను చూసింది నీళ్ళ కోసం నిలబడ్డ మనుషుల్ని. ఆ మాట చెబితే ఎవరికీ రుచించదు.

నా పని ఒక సహాయ సంస్థ నీళ్ళ డిపోకి కాపలా. ఊరికి పడమటి అంచున ఉంది. చుట్టూ గోడ, లోపల తెల్లటి పెద్ద ట్యాంకు, ముందు ఇనప గేటు. పొద్దున ఆరింటికి గేటు తెరుస్తాం. ట్యాంకర్లు బయటికి వెళ్తాయి. దగ్గరివాళ్ళు పసుపుపచ్చ డబ్బాలతో వచ్చి కుళాయి దగ్గర పట్టుకుంటారు. మా పెద్ద ఒక సుబేదార్ సాబ్, పంజాబీ ఆయన. రేడియో గదిలో ఉన్నవాడిది సోంపేట. నన్ను మొదటి రోజే "బావా" అన్నాడు. దుబాసీ ఆ ఊరివాడే, హైదరాబాదులో చదువుకున్నాడు. హిందీ మా అందరికంటే ధాటిగా మాట్లాడేవాడు.

గేటు ఎదురుగా గుడిసెలు. గుడిసె అంటే మీరు పాక అనుకునేరు. పుల్లలు వంచి పాతి, వాటి మీద చీరపీలికలు, గోనెలు, ప్లాస్టిక్ పట్టాలు కప్పుతారు. నా నడుం ఎత్తు ఉంటుంది. పాక్కుంటూ లోపలికి పోవాలి. వానలు లేక పశువులు చచ్చి, పల్లెలకు పల్లెలు ఆ ఊరి మీదికి వచ్చి పడుతున్నాయి. నేను కలకత్తా వాట్‌గంజ్‌లో పుట్టాను. మా తాత శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికొచ్చిన నాటి నుంచీ ఇంటిల్లిపాదీ ఒకే గదిలో బతికాం. ఇరుకంటే ఏమిటో నాకు తెలుసని ధీమా ఉండేది. అది చూశాక ఆ ధీమా పోయింది.

ఆ గుడిసెల వెనకే నీలం అద్దాల మేడలు లేస్తున్నాయి. అక్కడ స్థలాల యజమానులది ఒక పద్ధతి. ఖాళీ నేల మీద గుడిసెలు వేసుకోనిస్తారు. జనం ఉన్నారని నీళ్ళొస్తాయి, దారి పడుతుంది, నేల ధర పెరుగుతుంది. ఆ తర్వాత లెమ్మంటారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

మొదటి వారంలోనే ఒక పాప గేటు దగ్గరికొచ్చింది. డబ్బా ఆమె నడుం దాకా ఉంది. నేను గుండె మీద వేలు పెట్టుకుని "అప్పన్న" అన్నాను. వేలు ఆమె వైపు తిప్పి, నీ పేరేమిటని సైగ చేశాను. "మాయ" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా వీధిలోనే ఇద్దరు మాయలు ఉన్నారు. కలకత్తాలో రాయి విసిరితే మాయ అనే ఆవిడ ఇంటి మీద పడుతుంది. ఇంత దూరంలో కూడా అదే పేరా అని మురిసిపోయాను. మర్నాడు ఆమె కనబడగానే "మాయా!" అని కేకేశాను. పాప ఒక్క క్షణం నన్ను చూసి, పళ్ళన్నీ బయటపెట్టి "హా!" అని అరిచింది. పిలిస్తే మన హిందీలోలాగే పలుకుతోంది! ఇక నాకు అనుమానమే లేకపోయింది. రోజూ అదే. నేను "మాయా!" అనడం, ఆమె "హా!" అనడం. పిట్ట కొంచెం కూత ఘనం.

"ఏటి బావా, పొద్దున్నే ఆ పిల్లతో ఏటా కేకలు? ఇక్కడికి ఇనబడతన్నాయి," అనేవాడు సోంపేటవాడు రేడియోలో.

"నీకేటిరా కుళ్ళు?" అనేవాణ్ణి.

కొన్ని నెలలకు ఆ నేల అమ్ముడుపోయింది. బుల్‌డోజర్ వచ్చింది. గుడిసెలవాళ్ళు పుల్లలు పీక్కుని, పట్టాలు చుట్టుకున్నారు. పాప వాళ్ళమ్మ మాత్రం కదలలేదు. దుబాసీని అడిగితే సంగతి చెప్పాడు. ఆమె మొగుడు ముసలి తల్లి కోసం పల్లెలో ఆగిపోయాడు. తల్లి పోయాక వస్తానన్నాడు. ఫోన్ లేదు. ఒక లారీ డ్రైవరుతో ఈమె కబురు పంపింది, తెల్ల ట్యాంకు ఎదురుగా ఉన్నామని. ఇక్కడి నుంచి లేస్తే ఆయనకు దొరకం అని ఆమె భయం.

చివరికి లేవక తప్పలేదు. వాళ్ళని పడమటి దారిలో చాలా దూరం తరలించారు. మా ట్యాంకర్ అక్కడికీ వెళ్తుంది. పోయేముందు ఆమె నా దగ్గరికొచ్చింది. దుబాసీ చెప్పాడు: "భాయ్, ఆయన పేరు ఇబ్రహీం అట. గేటు దగ్గర రోజంతా ఉండేది నువ్వే కదా, వస్తే దారి చూపించమంటోంది." చూపిస్తానని నెత్తి మీద చెయ్యి పెట్టుకుని చెప్పాను.

ఆయన వచ్చాడు. మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతోంది. దుబాసీ ట్యాంకర్‌తో వెళ్ళాడు. ఒక బక్క మనిషి ట్యాంకు వైపూ, చదును చేసిన నేల వైపూ చూస్తూ నిలబడ్డాడు. రేడియోలో సుబేదార్ సాబ్: "గేట్, ఎవరినీ అక్కడ నిలబెట్టొద్దు. పంపించెయ్." నేను దగ్గరికి వెళ్ళాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని "ఇబ్రహీం" అన్నాడు. ఇంకేవో పేర్లు చెప్పాడు. ఏదో అడిగాడు.

నాకు పట్టలేని సంతోషం. "మాయా! మాయా!" అని అరిచాను. తుపాకీ ఒక భుజానికి ఉంది. రెండో చెయ్యి చాచి పడమటి దారి చూపించాను. అటు, అటు! "మాయా!" అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆయన నా చెయ్యి చూశాడు, తుపాకీ చూశాడు. తల ఊపి, ఊళ్ళోకి పోయే దారిన నడిచాడు. సామాను తెచ్చుకోవడానికి వెళ్తున్నాడు కాబోలు అనుకున్నాను. రేడియో తీసి, "ఒరే, మాయ వాళ్ళ నాన్న వచ్చాడు" అన్నాను.

"మంచి కబురు సెప్పావు బావా," అన్నాడు వాడు.

సాయంత్రం దుబాసీ దిగగానే పూసగుచ్చినట్టు చెప్పాను.

"భాయ్, నువ్వు ఆ మాటే అన్నావా?"

"అన్నాను. కూతురి పేరు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?"

"ఆ పాప పేరు హోదన్. మా భాషలో మాయ అంటే లేదు, కాదు అని. తుపాకీ ఉన్నవాడికి పేరు చెప్పొద్దని పిల్లలకి నేర్పుతారు. చెప్పను అందది. హా అంటే అవును. నువ్వు కాదంటే అది అవునంటోంది కదా, మీ ఇద్దరికీ అదొక ఆట అనుకున్నాను."

ఉన్నారా అని అడిగిన మనిషికి, తుపాకీ వాడొకడు చెయ్యి చాచి, లేరు, లేరు, పో అని అరిచాడన్నమాట.

వెతికాం. సుబేదార్ సాబ్ బండి ఇచ్చాడు. బజార్లు తిరిగాం, మసీదు మైకుల్లో చెప్పించాం. దినదినం కొత్తవాళ్ళు దిగే ఊళ్ళో ఇబ్రహీం అనే బక్క మనిషిని ఎవరని పోల్చుకుంటారు? ఆమెకు చెప్పడానికి దుబాసీతో నేనూ వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఒకటే అడిగింది: "కాళ్ళకి చెప్పులు ఉన్నాయా?"

ఉన్నాయని చెప్పాను. నిజంగానే ఉన్నాయి, టైరు చెప్పులు.

నా ఒప్పందం అయ్యేనాటికి ఆయన దొరకలేదు. ఆ తర్వాత దొరికాడేమో. దొరికాడనే అనుకుంటాను, అనుకోకపోతే అన్నం దిగదు. ముంబైలో దిగి రైలెక్కాను. హౌరాలో షాలిమార్ స్టేషన్‌కి మా ఆవిడ వచ్చింది. "సిక్కిపోనావేటి?" అంది. అంతవరకూ రాని ఏడుపు అక్కడ ప్లాట్‌ఫారం మీద వచ్చింది.

ఒక్కటి మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. ఆ మధ్యాహ్నం ఇబ్రహీం వెంటనే వెళ్ళిపోలేదు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి, కుడి చెయ్యి గుండె మీద వేసుకుని, నాకు తల వంచాడు. లేరని చెప్పినందుకు కృతజ్ఞత అది. నేను కూడా నవ్వుతూ చెయ్యి ఊపాను.