కింది అంచున మరక

2023 శీతాకాలం. లండన్ శివారు హేస్‌లో, విమానాశ్రయం దగ్గరున్న ఒక గోదాములో నేను కండిషన్ రిపోర్టులు రాసేవాణ్ణి. ప్రదర్శనకు వచ్చిన బొమ్మను పెట్టెలోంచి తీసి, టార్చి ఏటవాలుగా పట్టి, చిరుగు, పగులు, మరక ఏది కనిపించినా నమోదు చేయడం ఆ పని.

ఆ వారం వచ్చింది సీతంపేట ఏజెన్సీలో సవర జమ్మయ్య గుడ్డ మీద వేసిన బొమ్మ. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి సన్నని మనుషులు. మధ్యలో విందు బల్ల, పళ్ళెంలో కొండ. మంత్రిగారు దాన్ని కేకులా కోసి గని కంపెనీవాళ్ళకు వడ్డిస్తున్నారు. బల్ల కింద, ఆ కొండ కోసం పోరాడి చనిపోయినవాళ్ళు ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

దేశాన్ని అవమానించే బొమ్మ అంటూ అప్పటికే ప్రదర్శన పెడుతున్న గ్యాలరీకి ఉత్తరాలు వెళ్ళాయి. చాలావరకు లండన్‌లోని మనవాళ్ళవే. బొమ్మ వద్దనడానికి గ్యాలరీకి ధైర్యం లేదు, గోడకు తగిలించడానికీ లేదు.

నేను రాశాను: "కింది అంచున గోధుమ రంగు మరక. ద్రవం ఒలికింది."

గ్యాలరీ మేనేజర్ ఫియోనా ఫోన్ చేసింది. "మరక పాతదా, ప్రయాణంలో అయిందా?"

"తెలియదు."

"అయితే చాలు."

మర్నాడు, మరమ్మతు అవసరమని చెప్పి బొమ్మను ప్రదర్శన నుంచి తప్పించారు. తెలుగువాణ్ణని ఆ కబురు జమ్మయ్యకు ఫోన్లో చెప్పే పని నాకే అప్పగించారు.

"మరకేటి బాబూ?" అన్నాడు జమ్మయ్య. "బొమ్మ గీసినాక సచ్చిపోయినోలికి సారా పోస్తాం. పొయ్యకపోతే ఆలు బొమ్మలోకి రారు. మా అయ్య కూడా ఉన్నాడు అందల."

"నాకు తెలియదండీ."

"ఫోనుంది, తెలుగొచ్చు. ఓపాలి అడగలేకపోనారా? మంత్రి కొండ పట్టుకున్నాడు, తమరు మరక పట్టుకున్నారు" అన్నాడు.

ఇంట్లో నా భార్య ఫొటో అద్దం మీద గంధం ఎండి పెచ్చులు కట్టింది. ఏడాదిగా నేను దాన్ని తుడవలేదు, ఎవరినీ తుడవనివ్వలేదు.

అది మరక కాదని సవరించిన రిపోర్టు ఫియోనాకు పంపాను. "అందింది" అని ఒక్కమాట జవాబు. ప్రదర్శన జరిగిన ఆరు వారాలూ బొమ్మ హేస్‌లో పెట్టెలోనే ఉంది.

కంటికి కనిపించింది రాస్తే నిజం రాసినట్టేనని చాలా ఏళ్ళు నమ్మాను. ఇప్పుడు మరక అని రాసేముందు గీసినవాళ్ళను అడుగుతున్నాను. జమ్మయ్యకు అది పనికి రాలేదు. బొమ్మ తిరిగి వెళ్ళేటప్పటి రిపోర్టులో మాత్రం ఇలా రాశాను: "కింది అంచున సారా. చిత్రకారుడు తండ్రికి పోసినది. తుడవరాదు."