వంట మాస్టారి నాలుక

బట్టల మిల్లు క్యాంటీన్లో వంట మాస్టారి మాటకు తిరుగులేదు. రోజూ మూడు వందల మందికి వండే మనిషి, పైగా కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ వంటింట్లో ఆయన తప్ప ఇంకెవరూ రుచి చూడకూడదని చేరిన రోజే రూలు పెట్టాడు. గుండిగ దించగానే ముందు తన పళ్లెం తాను వడ్డించుకుని మూత పెట్టుకునేవాడు. తర్వాత పావుగంట స్నానానికి వెళ్లేవాడు, చెమట కంపుతో జనం ముందు నిలబడటం ఆయనకు నచ్చదు. ఉతికిన చొక్కా తొడుక్కుని వడ్డన గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడితే, తిన్నవాళ్లు పోతూ పోతూ బాగుందని చెప్పేవాళ్లు. ఎందుకు బాగుండదు అన్నట్టు చూసేవాడు తప్ప నవ్వేవాడు కాదు.

పోయిన ఏడాది ఆ మనిషి చిక్కి సగమయ్యాడు. ఏం తిన్నా ఒంటికి పట్టదు, కడుపు ఉబ్బరం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. భార్య పోరు పడలేక ఆస్పత్రికి వెళ్లాడు. గోధుమలో ఉండే గ్లూటెన్ ఆయన పేగుకు పడటం లేదని, అదీ ఇవాళ నిన్నటి సంగతి కాదని డాక్టరమ్మ తేల్చింది. గోధుమ, బార్లీ ఇక జన్మలో ముట్టుకోవద్దంది. పొద్దున్నే రొట్టె లేనిదే గడప దాటని మాస్టారు నమ్మలేక రెండుసార్లు చెప్పించుకున్నాడు. భార్య మాత్రం ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న పిండంతా పక్కింటికి ఇచ్చేసింది.

రెండు నెలల దాకా కడుపు కుదుటపడటం తప్ప వేరే విశేషం లేదు. మూడో నెలలో ఒకరోజు వంటింటి తలుపు తియ్యగానే ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల ఏదో కుళ్లిన కంపు. ఎలుక చచ్చిందేమోనని బస్తాలన్నీ జరిపించాడు. తీరా చూస్తే గోడకు వేలాడుతున్న మసిగుడ్డ. అది ఎప్పుడూ అలాగే ఉంటుందని కూరగాయలు తరిగే పిన్ని చెప్పింది. ఆవిడ వయసులో పెద్దది, ఆ మిల్లులో అందరికీ పిన్నే. నూనె డబ్బా మూత తీస్తే ముక్కిన వాసన. ఉల్లిపాయ కోస్తే ముక్కుపుటాలు అదిరాయి. ఇన్నాళ్లూ ఈ వాసనలన్నీ ఎక్కడికి పోయాయో ఆయనకు అంతుపట్టలేదు.

అసలు దెబ్బ పప్పు దగ్గర తగిలింది. ఎప్పుడూ వేసే ఉప్పే వేసి, అరచేతిలో కాస్త పోసుకుని నాలుకకు రాసుకున్నాడు. ఉప్పుకషాయం. చెయ్యి జారిందనుకుని మర్నాడు కొలిచి వేశాడు, అదే తంతు. మూడో రోజు మూడో వంతు తగ్గిస్తే గానీ నోట పెట్టేలా కాలేదు. అంటే పదకొండేళ్లుగా మూడు వందల మంది చేత ఆయన తినిపించింది ఇదన్నమాట. మాస్టారు మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తాడు. పేగు పాడైతే నాలుకకూ ముక్కుకూ కావలసిన జింకు లాంటివి అందక కొందరికి రుచి మొద్దుబారుతుందని, పేగు కోలుకుంటే తిరిగి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆయన చెవికి అదేదీ ఎక్కలేదు. ఒక్కరైనా నోరెత్తలేదేమిటన్నదే ఆయన్ని తొలిచేసింది.

నోరెత్తారు, ఉప్పు తగ్గించిన వారానికే. కూర చప్పగా ఉందని, పప్పు నీళ్లలా ఉందని మేనేజరు దగ్గరకు ఫిర్యాదులు వెళ్లాయి. మాస్టారికి మతి పోయింది. తన పళ్లెంలో తిండి అమృతంలా ఉంది మరి. ఉప్పుకషాయాన్ని మెచ్చుకున్న నోళ్లకు అసలు రుచి పనికిరాదా అని కుతకుతలాడిపోయాడు. పరువు కొద్దీ వంటింట్లో ఎవరికీ ఆ ముక్క చెప్పలేదు. శుక్రవారం పొద్దున మేనేజరు పిలిచి, జబ్బు చేసిన మనిషి విశ్రాంతి తీసుకోవడం మంచిదని, సోమవారం కొత్త వంటాయన వస్తున్నాడని మర్యాదగానే చెప్పాడు.

ఆ రోజు కూడా వండాడు. స్నానానికి బయల్దేరి, ఇక ఎవరి కోసం ఈ ముస్తాబు అనుకుని సగం దారిలో వెనక్కి తిరిగాడు. వంటింట్లో పిన్ని పప్పు గుండిగలో వేడినీళ్లు కుమ్మరిస్తోంది. ఒక బకెట్ అయిపోయింది, రెండోది చేతిలో ఉంది.

“ఏం చేస్తున్నావు పిన్నీ?”

ఆవిడ తడబడలేదు. “రోజూ చేసేదే మాస్టారూ. పప్పులో రెండు బకెట్ల నీళ్లు, కూరలో ఉప్పులేని బంగాళాదుంప ముద్ద. మీరు వచ్చిన వారం నుంచీ చేస్తున్నాను.”

ఆ రోజుల్లో పళ్లేలు కడిగేది కూడా ఆవిడే. తిరిగొచ్చిన పళ్లేల్లో మిగిలింది చూసి చూసి ఎంత కలపాలో లెక్క పట్టింది. రుచి చూడకూడదన్న రూలు మీరలేదు, అందుకే ఈమధ్య ఉప్పు తగ్గిందని ఆవిడకు తెలియలేదు. ఇప్పుడు పళ్లేలు వేరే షెడ్డులో వేరేవాళ్లు కడుగుతున్నారు. తనకో మాట చెప్పాల్సిందని మాస్టారు గొణిగాడు.

“చెప్పాను. నా నాలుకకే వంక పెడతావా అని గరిటె విసిరారు. మీకు గుర్తులేదు.”

నిజంగానే గుర్తులేదు. వంటలో నీళ్లు కలిపారని తెలిస్తే పిన్నిని మిల్లులో ఒక్క పూట ఉంచరు. చెప్పకపోతే సోమవారం నుంచి తనకు పని లేదు. ఇన్నేళ్లూ తను అందుకున్న మెప్పు ఆవిడదని దాచడానికి మనసొప్పక, మేనేజరు గదికి నడిచాడు. తన రోగం, తన రూలు, తన కోపం ముందు చెప్పి, నీళ్ల సంగతి చివర చెప్పాడు. తప్పు తనది, కొత్తాయన్ని రానివ్వండి, ఆవిణ్ని మాత్రం ఏమీ అనొద్దన్నాడు.

మేనేజరు నిర్ఘాంతపోయాడు. “ఇన్నేళ్లూ రుచి కుదిర్చింది ఆవిడైతే, మధ్యలో మీరెందుకు మాస్టారూ?”

వెనకాలే వచ్చిన పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

“నీళ్లు పొయ్యడానికైనా ఆయన వండిన పప్పు ఉండాలి కదా సార్,” అంది. “వండింది ఆయనే.”

తను గరిటె విసిరిన మనిషి ఆ మాట అనడం విని మాస్టారికి దుఃఖం ఆగలేదు. మేనేజరు ముందే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేనేజరు ఎటో చూస్తూ ఫోను అందుకుని, సోమవారం రానక్కర్లేదని కొత్త వంటాయనకు చెప్పాడు.