పైంతీస్‌కూ పైంసఠ్‌కూ మధ్య

ఆ రోజుల్లో నాకు అంకెల మీద ఉన్న నమ్మకం మనుషుల మాటల మీద ఉండేది కాదు. అందుకే ఇప్పటికీ లెక్క తప్పకుండా చెప్పగలను: టాటానగర్‌లో, కాసిడీహ్ పేటలోని మా మావయ్య ఇంటినుంచి అత్తకు క్యాన్సర్ మందు ఎక్కించే ఆస్పత్రికి 6.4 కిలోమీటర్లు, 22 నిమిషాలు. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీలు. వారానికొక ప్రయాణం. వేడి తగిలితే ఆమెకు వాంతులయ్యేవి. కారులో ఏసీ పనిచేయడం లేదు. శ్రీకాకుళం నుంచి వచ్చి ట్రైనీ ఇంజినీరుగా చేరి నలభై రోజులైన నేను ఆ ఇంట్లోనే ఉండేవాణ్ని.

భాలుబాసా పేట మెకానిక్ (మావైపు మనిషే, అందరికీ గేజి బాబాయి) ముందురోజు సాయంత్రం లీకు సరిచేసి, గొట్టాలు పూర్తిగా ఖాళీ చేసి, ఒత్తిడి చూపే గేజినీ రెండు గ్యాస్ డబ్బాలనూ మా దగ్గర ఉంచి వెళ్లాడు. తెల్లవారి బండికి దిగే కూతురిని ఇంట్లో దింపి, వచ్చి గ్యాస్ నింపుతానన్నాడు. ఉదయం 6.10కి టాటానగర్ స్టేషను నుంచి బాబాయి ఫోను: బండి ఆలస్యం, ఎప్పుడొస్తుందో తెలీదు, కదిలే వీల్లేదు. అత్త బయలుదేరవలసింది 11.30కి. "నేను నింపేస్తాను బాబాయ్" అన్నాను.

"గేసంటే గేసే గదేటి అల్లుడూ, ఏదైతే ఏటి?" అన్నాడు మావయ్య. బానెట్ కింది స్టిక్కరు చూపి పావుగంట ఉపన్యసించాను: ఆర్-134ఎ, 450 గ్రాములు, డబ్బా మీదా అదే పేరు, పాత కార్లలోది వేరే జాతి, ఒకదానిలో ఒకటి కలపరాదు. (గుర్తించడంలో నాకు పదికి పది మార్కులు.) ఇక గేజి ముల్లు ఎంతవరకు రావాలి? బాబాయికి ఫోను చేశాను.

"సల్లపూట గదా బాబూ, పైం..." అన్నాడు బాబాయి. మిగతా మాటను స్టేషను మైకు మింగేసింది. నాకు తెలిసిన హిందీ అంకెల్లో అలా మొదలయ్యేది ఒక్కటే, సాక్చీ బజారులో టమాటాలవాడు నేర్పిన పైంసఠ్, అరవై అయిదు. మళ్లీ అడిగితే ఇంజినీరు పరువు ఏం కావాలి?

ముల్లు ముప్పై అయిదు దగ్గరికి వచ్చేసరికి మొదటి డబ్బా అయిపోయింది. స్టిక్కరు 450 అంటోంది, డబ్బా 450 అంటోంది. నేను అరవై అయిదు కోసం రెండో డబ్బా తెరిచాను.

మధ్యాహ్నం నాలుగో కిలోమీటరులో కంప్రెసర్ కీచుమని అరిచి ఆగిపోయింది. వేడిగాలి అత్త ముఖాన కొట్టింది. మావయ్య అద్దాలు దించాడు.

"సదువుకున్నోడివని సేతికిత్తే పొయ్యి ముట్టించినావేట్రా అల్లుడా?" అని అత్త నవ్వింది. "ఏడుపుమొగం ఎట్టకు. వాంతొత్తే నీ సొక్కా మీదే సేత్తాను, సరిపోద్ది."

అన్నట్టే చేసింది.

సాయంత్రం గేజి బాబాయి తల పట్టుకున్నాడు. "పైంతీస్ అన్నాను బాబూ! ముప్పయ్యైదు! ఏక్ బార్ పూఛ్ లేతే నా! ఒక్కపాలి అడగొచ్చు గదా!"

తర్వాతి ప్రయాణాల్లో కిటికీలకు తడితువాళ్లు కట్టుకుని వెళ్లాం. దారిపొడవునా అత్త నాకు పరీక్ష పెట్టేది. "పైంతాలీస్ ఎంతరా?" నేను తప్పు చెబితే పొట్ట పట్టుకుని నవ్వేది. నాకు అంకెలన్నీ వచ్చేశాక కూడా తప్పులే చెప్పాను. ఖచ్చితత్వాన్ని నేను తెలిసి వదులుకున్నది జీవితంలో అప్పుడొక్కసారే.

కొత్త కంప్రెసర్ రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అత్త పదిహేడో రోజున పోయింది.

నష్టం: కంప్రెసర్ ఒకటి, పద్దెనిమిది వేల ఆరువందలు. గ్యాస్, సుమారు 700 గ్రాములు. చొక్కా ఒకటి. అత్త ఎండలో చేసిన ప్రయాణాలు మూడు. చల్లగా చేసినవి, లేవు.