ఎర్ర పేలిక కట్టిన బీరకాయ

చలి వెనకబట్టే రోజులొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ముసలిదాన్నయ్యాను, పళ్ళూడాయి, ఆ మంట మాత్రం ఆరలేదు. ఆరాలని నేనేం మొక్కుకోలేదు కూడా.

సముద్రాలవతల లబాసాలో గిరిమిట్టు కింద చెరుకు తోటలో పనిచేసే కాలమది. గిరిమిట్టంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం. వారమంతా దొర చెరుకు, ఆదివారం ఒక్కటీ మాది. మేముండే కూలీ లైన్ల వెనక నాకో చాపంత పెరడుండేది. చలి చివర్లో అక్కడ చేతినిండా పని. ఎండిన పాదులు పీకెయ్యాలి. ముదిరిన వంగ మొక్కల్ని జానెడుంచి కోసెయ్యాలి, వేడి తగలగానే మళ్ళీ చిగురేస్తాయి. అరటి పిలకలు విడదియ్యాలి. మళ్ళు తిరగతవ్వి, కుళ్ళిన చెరుకాకూ పొయ్యిబూడిదా కలపాలి. నడుం విరిగేది. అయినా నాదీ అనుకుని చేసే చాకిరీ వేరు కదా.

ఆ పెరట్లో నా ప్రాణమంతా బీరపాదు మీదే. గింజలు మా అమ్మ ఇచ్చింది. చీర చెంగున ముడేసుకుని సముద్రం దాటించాను. వచ్చిన ఏడు మనూళ్ళో లాగే ఆషాఢం లెక్కన విత్తాను. ఇక్కడ ఆషాఢమంటే చలి అని నాకెవరు చెప్పారు? పెట్టిన సగం గింజలూ మట్టిలోనే కుళ్ళాయి. మిగతావన్నీ ఆ పైయేడు వానలు తగ్గాక పెడితే ఒక్క పాదు దక్కింది. దాని కాయల్లో నిండైనది ఒకటి విత్తనానికి వదిలేసి, పాత ఎర్రచీర అంచు చింపి తొడిమకి కట్టాను. పేలిక కట్టిన కాయని ఎవరూ కొయ్యరు. మావాళ్ళలో పాలు తాగే పిల్లకైనా ఆ సంగతి తెలుసు.

నా ఓడ చెల్లెలికి తెలీదా మరి? ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఇక్కడ తోబుట్టువుల లెక్క. ఓడలో అది వాంతులతో పడిపోతే ఒళ్ళో పడుకోబెట్టుకుని గంజి పట్టాను. "నువ్వు లేకపోతే నన్ను సముద్రంలో పారేసేవాళ్ళక్కా" అనేది. నాకప్పుడు ఆ మాట ఎంత తియ్యగా ఉండేదో.

ఆ చలి చివర్లో నాకు జ్వరం తగిలితే తోట ఆసుపత్రిలో పడేశారు. వెళ్తూ వెళ్తూ దానికే అప్పజెప్పాను.

"ఆ పాదొక్కటీ పీకకే. కాయ ఊపితే గలగలమనాలి. నేనొచ్చాక దింపుదాం."

"నేను లేనా అక్కా, నిశ్చింతగా వెళ్ళు" అంది.

తిరిగొచ్చేసరికి పందిరి మీద కాయ లేదు. ఎలకలు కొట్టేశాయని అది వెక్కి వెక్కి ఏడ్చింది. నేనే దాన్ని దగ్గరకు తీసుకుని ఓదార్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ వారమే దాన్ని చెరుకు కలుపు నుంచి తప్పించి మా చేత పని చేయించే సర్దారు వంటింట్లో వేశారు. పోన్లే, పిల్లకి ఎండ తప్పింది అనుకుని సంతోషపడ్డాను కూడా.

ఆ ఆదివారం సర్దారు కబురు పెట్టాడు. నా చెయ్యి మంచిదని చెల్లెలు చెప్పిందట, వాళ్ళ పెరట్లో మొదటి గింజ నేనే పెట్టాలట. చెయ్యి మంచిదాని చేత తొలి గింజ పెట్టించడం మా ఆచారమే. ఆడవాళ్ళు ముచ్చటపడి పిలుచుకుంటారు. సరేనని వెళ్ళాను. వాడి వసారా చూరుకి నా బీరకాయ వేలాడుతోంది. తొడిమకి నా ఎర్ర పేలిక అలాగే ఉంది.

చెల్లెలు నీళ్ళ చెంబు పట్టుకుని, గింజలకి తవ్విన గుంటల పక్కన నిలబడింది. నా మొహంలోకి చూడలేదు. కాయ నాదని అరుద్దామనుకున్నాను. అరిస్తే ఏమవుతుంది, రేపటి నుంచి నా టాస్కు, అదే రోజూ కొలిచిచ్చే పని, రెండింతలవుతుంది. గుంటల దగ్గరికే నడిచాను. ఎండ తప్పించుకోడానికి నా గొంతు కోసిందని అప్పుడు తెలిసింది.

సర్దారు కాయ విరిచి గింజలు నా దోసిట్లో పోశాడు. కుళ్ళేటట్టు లోతుగా పెట్టెయ్యొచ్చు. చెయ్యి రాలేదు, గింజలేం పాపం చేశాయి? ఒక్కో గుంటలో రెండేసి, పద్ధతిగానే పెట్టాను. మధ్యలో మొహం తుడుచుకున్నట్టు చెయ్యెత్తి మూడు గింజలు నాలిక కింద దాచుకున్నాను. మూడు చాలు, ఒక్కటి మొలిచినా మా అమ్మ పాదు నాకు దక్కుతుంది. సర్దారు చూడలేదు. అది చూసింది.

వాడికి తెలుగు ముక్క రాదు. ఏం అడగాలన్నా తెలుగులో అడిగితే మా ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసింది. చూసీ చూడనట్టు ఊరుకుంటుందనే అనుకున్నాను, ఒట్టు.

చెంబు కింద పెట్టి, లైన్లలో అందరూ మాట్లాడే హిందీలో, వాడికి వినబడేలా అడిగింది.

"అక్కా, నోట్లో ఏం పెట్టుకున్నావు?"

అందులో అక్కా అన్న ఒక్క మాటే తెలుగు.

సర్దారు ఉమ్మమన్నాడు. ఉమ్మాను. మూడు గింజలూ చెల్లెలే మట్టిలోంచి ఏరి, చెంగుతో తుడిచి, చివరి గుంటలో పెట్టి నీళ్ళు పోసింది.